జర్మన్‌లో వారాలు, టైము చెప్పడం దగ్గరే ఆగిపోతున్నాను. మీరెలా అలవాటు చేసుకున్నారు?

మీరు అడిగినవి రెండు. ఏ1 క్లాసులో, అంటే మొదటి మెట్టులో, రోజుకీ టైముకీ ముందు పెట్టే అమ్, ఉమ్, ఇమ్ ఎక్కడ ఏది వాడాలో తెలియడం లేదు, ‘హాల్ప్ ఆఖ్ట్’ అంటే ఏడున్నర ఎలా అవుతుందో బుర్రకెక్కడం లేదు. రెండోదాని వల్ల నేను ఒక గదే పోగొట్టుకున్నాను కాబట్టి ముందు ఆ సంగతి చెప్తాను. జర్మన్ మాటల్ని చెవికి ఎలా వినిపిస్తాయో అలాగే రాస్తున్నాను, స్పెల్లింగు మీ పుస్తకంలో చూసుకోండి.

2016 అక్టోబరులో చదువు కోసం కెమ్నిట్స్‌లో దిగాను. తూర్పు జర్మనీలో, సాక్సనీ రాష్ట్రంలో ఉంటుంది ఆ ఊరు. మొదటి రెండు వారాలూ సీనియర్ల గదిలో నేల మీదే పడక. ఒక ఇంటి ఓనరు ఫోనులో, గది చూసుకోవడానికి ‘డోనర్స్‌టాక్, హాల్ప్ ఆఖ్ట్’ రమ్మన్నాడు. డోనర్స్‌టాక్ అంటే గురువారం, హాల్ప్ అంటే సగం, ఆఖ్ట్ అంటే ఎనిమిది. ఇంకేముంది, ఎనిమిదిన్నర! ఎందుకైనా మంచిదని పావుగంట ముందే వెళ్ళి గుమ్మం ముందు నిలబడ్డాను. ఎంతసేపు బెల్లు కొట్టినా ఎవరూ రాలేదు. చివరికి పై అంతస్తు ఆవిడ దిగొచ్చి, ఓనరు ఏడున్నరకే వచ్చాడనీ, ఇంకెవరికో గది చూపించి వెళ్ళిపోయాడనీ చెప్పింది. మర్నాడు ఫోను చేస్తే గది ఇచ్చేశానన్నాడు. ఆయన తప్పేం లేదు.

తప్పంతా నేను ఇంగ్లీషు మీదుగా వెళ్ళడంలో ఉంది. ఇంగ్లండులో ‘హాఫ్ ఎయిట్’ అంటే ఎనిమిదిన్నరే. మన ఏడున్నర కూడా ఏడు మీద అర, అదీ ఇక్కడ పనికిరాదు. కానీ మనం పిల్లల వయసు చెప్పేటప్పుడు ‘వాడికి ఎనిమిదో ఏడు నడుస్తోంది’ అంటాం చూడండి, జర్మన్ గడియారం అచ్చంగా ఆ లెక్కలో పోతుంది. ఏడు గంటలు దాటగానే ఎనిమిదో గంట నడుస్తున్నట్టు. అందులో సగం నడిస్తే హాల్ప్ ఆఖ్ట్. ఈ ఒక్క పోలిక దొరికాక నేను మళ్ళీ తప్పు చేయలేదు.

అంటే, హాల్ప్‌తో చేయలేదు. సాక్సనీలో ఇంకో తిరకాసు ఉంది. మీ పుస్తకంలో 7:15కి ‘ఫీర్టెల్ నాఖ్ జీబెన్’, అంటే ఏడు దాటి పావు అనీ, 7:45కి ‘ఫీర్టెల్ ఫోర్ ఆఖ్ట్’, అంటే పావు తక్కువ ఎనిమిది అనీ ఉంటుంది. ఈ రెండోది మనకి పుట్టుకతో వచ్చిన భాషే, దానికేం కష్టపడక్కర్లేదు. తూర్పు జర్మనీలోనూ, దేశానికి నైరుతి మూలన ఉన్న ష్వాబెన్ వైపూ మాత్రం 7:15ని ‘ఫీర్టెల్ ఆఖ్ట్’ అనీ, 7:45ని ‘డ్రైఫీర్టెల్ ఆఖ్ట్’ అనీ అంటారు. ఎనిమిదో గంట పావు నడిచింది, ముప్పావు నడిచింది అని. మా క్లాసులో పశ్చిమాన ఉన్న కొలోన్ ఊరి నుంచి వచ్చిన జర్మన్ కుర్రాడే ఇది విని బిక్కమొహం వేశాడు. అది చూశాక నాకు కాస్త ధైర్యం వచ్చింది. పరీక్షకి పుస్తకంలో ఉన్నట్టే చెప్పండి, తూర్పుకి వెళ్తే మాత్రం ఇది గుర్తుంచుకోండి. ఇక ‘ఫ్యున్ఫ్ ఫోర్ హాల్ప్ ఆఖ్ట్’ అంటే ఏడున్నరకి ఐదు తక్కువ, 7:25. వినగానే తల తిరుగుతుంది, వారంలో అలవాటైపోతుంది.

అమ్, ఉమ్, ఇమ్ సంగతికొస్తే, ఇంగ్లీషు ఆన్, యాట్, ఇన్‌లతో పోల్చి నేర్పుతారు. అక్కడే చెడుతుంది. ‘ఇన్ ద మార్నింగ్’ అని తలుచుకుని ‘ఇమ్ మోర్గెన్’ అనేస్తాం, ‘అమ్ మోర్గెన్’ అనాలి. తెలుగులోంచి వెళ్ళండి. ‘నాడు’ గానీ ‘పూట’ గానీ పెట్టగలిగిన చోట అమ్. సోమవారం నాడు అంటే అమ్ మోంటాక్, సాయంత్రం పూట అంటే అమ్ ఆబెంట్. గంటలకి ‘కి’ వచ్చే చోట ఉమ్, ఎనిమిదింటికి అంటే ఉమ్ ఆఖ్ట్. నెలలకీ రుతువులకీ ‘లో’ వచ్చే చోట ఇమ్, జనవరిలో అంటే ఇమ్ యానువార్. రాత్రి ఒక్కటే మాట వినదు, ‘ఇన్ డేర్ నాఖ్ట్’. నాఖ్ట్ స్త్రీలింగం, అందుకే ‘డేర్’, మిగతా పూటలూ వారాలూ అన్నీ పుంలింగం. అమ్‌కి బదులు ‘ఇన్’ రావడం మాత్రం ఉత్త వాడుకే. మిట్‌వోఖ్, అంటే బుధవారం, చివర ఉన్న ‘వోఖె’ స్త్రీలింగమే, అయినా ఆ రోజు పేరు మాత్రం పుంలింగమే. ఎందుకని మా టీచర్ని అడిగితే నవ్వి ఊరుకుంది. ‘ఎనిమిదింటికి అటూఇటూగా’ అనాలంటే ‘గేగెన్ ఆఖ్ట్’, ‘ఎనిమిదింటికల్లా’ అనాలంటే ‘బిస్ ఆఖ్ట్’.

మోర్గెన్ అంటే ఉదయమా, రేపా అని అందరూ గింజుకుంటారు. రెండూనూ. మనకిది వింతేమీ కాదు. పాత తెలుగులో రేపు అన్నా ఉదయమే, రేపకడ అంటే పొద్దుటిపూట. ‘రేపూ మాపూ అని తిప్పుతున్నాడు’ అంటామే, ఆ రేపుమాపులు మొదట పొద్దున, సాయంత్రమే. అయితే ‘రేపు పొద్దున’కి మోర్గెన్ మోర్గెన్ అనరు, ‘మోర్గెన్ ఫ్రూ’ అంటారు. ఎల్లుండికి ‘ఊబర్‌మోర్గెన్’, మొన్నకి ‘ఫోర్‌గెస్టర్న్’ అని ఒక్కో మాట ఉంది. ఇంగ్లీషులో నాలుగు మాటలు పేర్చాల్సింది ఇక్కడ మనలాగే ఒక్క మాటతో అయిపోతుంది.

తెలుగు దెబ్బకొట్టే చోట్లూ ఉన్నాయి. మనం రాత్రి ఎనిమిదింటికి భోంచేస్తాం, జర్మన్లకి ఎనిమిది ఇంకా ఆబెంటే. నేను ఓ రోజు ఎనిమిదింటికి ఒకరింటికి భోజనానికి వెళ్ళి, తలుపు తీయగానే ‘గూటె నాఖ్ట్’ అన్నాను. అది పడుకోబోయేటప్పుడు చెప్పే మాట. వచ్చీ రాగానే వెళ్ళొస్తానన్నట్టయింది. ఇంకోటి, పొద్దున్నే లేచి ‘హొయ్‌టె నాఖ్ట్’ సరిగ్గా నిద్రపట్టలేదు అంటారు. మాటకి మాట వేస్తే ‘ఈ రాత్రి’, వాళ్ళ ఉద్దేశం మనం నిన్న రాత్రి అనేదే. అదే మాట సాయంత్రం అంటే రాబోయే రాత్రి అవుతుంది. వాక్యంలో క్రియ చూసి తెలుసుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ తప్పులు చేయించింది ‘గంట’. మనకి ఎనిమిది గంటలకు, ఎనిమిది గంటలసేపు, రెంటికీ ఒకటే గంట. వాళ్ళకి గడియారంలో గంట ఊర్, సేపులో గంట ష్టుండె. పార్ట్‌టైం పనికి అడగబోయి, రోజుకి నాలుగు గంటలు చేయగలను అనడానికి బదులు ‘ఫీర్ ఊర్’ అన్నాను. పొద్దున నాలుగింటికా, సాయంత్రం నాలుగింటికా అని పని ఇచ్చే ఆయన ఎంతో ఓపిగ్గా అడిగాడు. పని మాత్రం దొరికింది.

వాక్యం కట్టడంలో మనం అదృష్టవంతులం. ‘నేను రేపు బస్సులో కాలేజీకి వెళ్తాను’ అనే వరసలోంచి క్రియని తీసి రెండో స్థానంలో పెడితే చాలు: ఇష్ ఫారె మోర్గెన్ మిట్ డెమ్ బుస్ ట్సూర్ ఊని. ఎప్పుడు, ఎలా, ఎక్కడికి, వరస మనదే. రోజుతో మొదలుపెడితే మాత్రం క్రియ తన రెండో స్థానం వదలదు, ‘నేను’ వెనక్కి జరుగుతుంది: మోర్గెన్ ఫారె ఇష్.

ప్రాక్టీసుకి నేను చేసింది చెప్తాను. ఫోనులో గడియారాన్ని 24 గంటల పద్ధతికి మార్చాను. రైల్వే స్టేషన్లో, రేడియోలో వినపడేది అదే, 19:30ని ‘నొయ్న్‌ట్సేన్ ఊర్ డ్రైసిష్’ అంటారు, అక్కడ హాల్ప్ గొడవే ఉండదు. ఫోను తీసినప్పుడల్లా టైముని రెండు రకాలుగానూ లోపల అనుకునేవాణ్ణి. గోయెథె అనే జర్మన్ భాషా సంస్థ పెట్టే ఏ1 పరీక్షలో వినే భాగం రెండో సెక్షన్‌లో ఇలాంటి అనౌన్స్‌మెంట్లే వస్తాయి, అవి ఒక్కసారే వినిపిస్తారు. ఆ చెవి ముందే తయారుగా ఉంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

డాక్టరు దగ్గరికో, గది చూడ్డానికో టైము ఇచ్చినప్పుడు మాత్రం సిగ్గుపడకుండా 24 గంటల లెక్కలో తిరిగి అడగండి: ‘అల్జో ఉమ్ నొయ్న్‌ట్సేన్ ఊర్ డ్రైసిష్?’ అంటే ‘అయితే 19:30కేనా?’ అని. వాళ్ళు విసుక్కోరు, పైగా సంతోషిస్తారు. డాక్టర్ల బోర్డు మీద ‘మిట్‌వోఖ్స్’ అని చివర స్ తగిలించి ఉంటే ప్రతి బుధవారం అని అర్థం, చాలాచోట్ల ఆ మధ్యాహ్నం మూసేస్తారు. మీరూ తూర్పు వైపే వెళ్తున్నట్టయితే, ‘జోన్‌ఆబెంట్’ రమ్మన్నారని, జోన్‌టాక్ అంటే ఆదివారం కదా అనుకుని ఆదివారం సాయంత్రం బయల్దేరకండి. అది శనివారం.