గురుడి మీద నీడ ఫోన్‌కు చిక్కాలంటే...

ప్రశ్న: నా దగ్గర 8 అంగుళాల డాబ్సోనియన్ (చేత్తో తిప్పి చూసే రకం) టెలిస్కోపు ఉంది. గురుగ్రహం మీద అయో ఉపగ్రహం నీడ పడే రాత్రి, డాబా మీద నుంచి ఫోన్‌తో ఫోటోలు తీశాను. అన్నింట్లో తెల్లటి ముద్దే తప్ప నీడ లేదు. ఖరీదైన కెమెరా కొనాల్సిందేనా?
- ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: ఇప్పుడే కొనకండి. ఆ నీడకు మీ టెలిస్కోపు చాలు. తెల్లటి ముద్ద వచ్చిందంటే వెలుగు ఎక్కువైందన్నమాట. చుట్టూ ఆకాశం చీకటిగా ఉంటుంది కాబట్టి ఫోన్ తనంతట తానే ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది. తెర మీద గ్రహాన్ని వేలితో నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుగు తగ్గిస్తూ పోండి. అడ్డంగా రెండు గోధుమరంగు పట్టీలు తేలాక ఆపండి. అప్పుడు నీడ సిరాచుక్కలా నల్లగా, గుండ్రంగా కనిపిస్తుంది. అయో కోసం మాత్రం వెతక్కండి, గ్రహం ముందుకొచ్చాక అది ఆ వెలుగులోనే కలిసిపోతుంది.

విడి ఫోటోల కంటే వీడియో మేలు, అదీ ఒకటి ఒకటిన్నర నిమిషమే. గురుడు 10 గంటలు కూడా పట్టకుండా తన చుట్టూ తాను తిరిగేస్తాడు, ఎక్కువసేపు తీస్తే వివరాలు అలుక్కుపోతాయి. ఆటోస్టాకర్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ వీడియోలో కుదురుగా వచ్చిన ఫ్రేములను ఏరి కలిపేస్తుంది.

మీరు డాబా దిగాలి. ఇది గట్టిగా చెప్తున్నా. మన ఎండలకు పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది, ఆ వేడిగాలికి బొమ్మ వణుకుతుంది. నల్లగొండలో మా పెరట్లోని రేకుల అబ్జర్వేటరీ నుంచి చూస్తే, గురుడు లతీఫ్ సాబ్ గుట్టకు దగ్గరగా ఉన్నంతసేపు అంచు అలలు అలలుగా కదులుతుంది. బాగా పైకొచ్చాకే కుదురుకుంటుంది. కాబట్టి మట్టి నేల మీద, టెలిస్కోపును ఓ గంట ముందే బయటపెట్టి చల్లారనివ్వండి.

గురుడి మీద ఆ నల్లచుక్క కింద జరిగేది సంపూర్ణ సూర్యగ్రహణం! 1980 ఫిబ్రవరి 16న హైదరాబాద్ దగ్గరున్న మన జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ మీద చందమామ నీడ పడ్డట్టే. మనకు అలాంటిది ఎప్పుడో గానీ రాదు, గురుడికి మాత్రం అయో 42న్నర గంటలకోసారి తెచ్చిపెడుతుంది. నీడ దాటడానికి రెండు గంటల పైనే పడుతుంది, టెన్షన్ పడక్కర్లేదు. నీడ పడే వేళల పట్టికల్లో టైము యూనివర్సల్ టైమ్‌లో (గ్రీనిచ్ సమయంలో) ఉంటే, దానికి 5 గంటల 30 నిమిషాలు కలుపుకోండి.