తాతగారి గ్రామఫోన్ రికార్డులు నెట్‌లో పెట్టవచ్చా?

తాతగారి గ్రామఫోన్ రికార్డులను ఎంపీ3లుగా మార్చి అందరికీ లింకు ఇవ్వవచ్చా అని అడిగారు కదండీ. ముందు అవి ఏ ఏడాదివో తేల్చుకోండి. లేబుల్ మీద లేకపోతే రికార్డు నంబరును బట్టి పట్టుకోవచ్చు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు, విడుదలైన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్లు. అంటే 1962లో వచ్చినదానికి 2022 ఆఖరుతో తీరిపోయింది. అందులో ఉన్నది త్యాగరాజ కీర్తనైతే ఇక చిక్కే లేదు, ఆయన 1847లోనే పరమపదించారు. నిశ్చింతగా పెట్టేయండి.

సినిమా పాటలతోనే తంటా. రాసినవారికి, బాణీ కట్టినవారికి వాళ్లు పోయాక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుంది. పైసా తీసుకోకుండా పంచినా ఉల్లంఘనే. వాటిని ఇంట్లో వినండి, లింకు మాత్రం ఇవ్వకండి.

అన్నట్టు, ఎక్కించే ముందు దుమ్మును మెత్తటి బ్రష్షుతో గాడి వెంటే గుండ్రంగా తుడవండి, అడ్డంగా వద్దు.