మీ తాతగారి లెక్క తప్పు కాదు, 1966లో రేటే మారింది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ తాతగారు నేపాల్ బీర్‌గంజ్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవారు. ఆయన డైరీలో 1966 మే నెలలో 320 నేపాలీ రూపాయలు మారిస్తే మన డబ్బు 200 వచ్చినట్టు ఉంది. జులైలో అదే 320కి 316 వచ్చినట్టు రాసుకున్నారు. ఇప్పుడు ఏ యాప్‌లో చూసినా మన 100కి వాళ్లది 160 అనే ఉంది కాబట్టి జులై లెక్కలో ఆయన పొరబడ్డారేమో అని మీ అనుమానం.

పొరబడలేదు. రెండు లెక్కలూ సరిపోతున్నాయి.

1960లో నేపాల్ రాష్ట్ర బ్యాంకు మన 100 రూపాయలకి 160 నేపాలీ రూపాయలని రేటు ఖాయం చేసింది. (పేరులో రాష్ట్రం అని ఉన్నా అది వాళ్ల రిజర్వ్ బ్యాంకు.) అంతకుముందు బజారులో ఎంత పలికితే అంత. ఈ 160 డాలరు లెక్క మీద వచ్చింది: డాలరు మనకి 4.76, వాళ్లకి సుమారు 7.60. 1966 జూన్ 6న ఇందిరా గాంధీ ప్రభుత్వం మన రూపాయి విలువ తగ్గించి డాలరుని 7.50 చేసింది. నేపాల్ మాత్రం తన రూపాయిని కదల్చలేదు. 7.60ని 7.50తో భాగించి చూడండి, రెండు రూపాయలూ దాదాపు సమానం అయిపోయాయి. అధికారిక రేటు 100కి 101.25. దాని ప్రకారం 320కి 316 రూపాయల 5 పైసలు. నేపాలీ జీతం తీసుకుని మన ఊరికి పంపేవాళ్లకి అది ఉత్తపుణ్యానికి దొరికిన పండగ. అటు నేపాల్ నుంచి మన దేశానికి సరుకు అమ్మేవాళ్లకి మాత్రం గడ్డుకాలం, వాళ్ల ధాన్యం ఇక్కడ రాత్రికి రాత్రే ఖరీదైపోయింది. ఏడాదిన్నర ఓపిక పట్టి, 1967 డిసెంబరులో వాళ్లూ తమ రూపాయిని తగ్గించి 135 చేసుకున్నారు.

ఆ తర్వాత 1971లో 139, 1978లో 145, 1986 నాటికి 168, 1991 జులైలో 165, 1993 ఫిబ్రవరి 12న మళ్లీ 160. అప్పటినుంచి ఇప్పటిదాకా అదే. యాప్‌లలో 159.8, 160.3 అని కనబడేవి డాలరు మీదుగా కట్టిన లెక్కల్లో వచ్చే చిల్లర తేడాలు, వాటిని పట్టించుకోకండి. ఈ రేటు షేరు ధరలాగా రోజూ ఊగేది కాదు, మెట్లలాగా ఉంటుంది. మెట్టు ఎప్పుడు మారిందో తెలిస్తే చాలు, పాత ఉత్తరంలో ఏ అంకె కనబడినా లెక్క కట్టేయొచ్చు.

నాకు ఇదంతా ఎలా తెలుసంటే, 1991 నుంచి మూడేళ్లు నేనూ బీర్‌గంజ్‌లోనే ఉన్నాను, ఒక నూనె మిల్లులో లెక్కలు రాస్తూ. మొదటి నెల జీతం ఇచ్చేటప్పుడు మా మునీమ్‌జీ (మిల్లు పెద్ద గుమాస్తా) "మోరు కావాలా, కంపెనీ కావాలా?" అని అడిగాడు. జీతం మిల్లు కంపెనీ ఇవ్వక ఇంకెవరిస్తారు అనుకుని "కంపెనీయే" అన్నాను. నేను లెక్క వేసుకున్న 6,000కి బదులు 3,636 చేతిలో పెట్టేసరికి గుండె జారిపోయింది. పాతకాలం వాళ్లకి కంపెనీ అంటే మన రూపాయి, ఈస్టిండియా కంపెనీ నాటి మాట. మోరు అంటే మొహర్ రూపాయి, వాళ్లది. కుర్రాళ్లు మాత్రం ఐసీ (ఇండియన్ కరెన్సీ), ఎన్‌సీ (నేపాలీ కరెన్సీ) అనేవారు. మీ తాతగారి డైరీలో "కం." అనో "మో." అనో పొడి అక్షరాలు కనబడితే అవి బహుశా ఇవే.

1993లో రేటు మారింది శుక్రవారం. అప్పట్లో అక్కడ వారాంతపు సెలవు శనివారం ఒక్కటే, ఆదివారం పనిరోజు. ఆదివారం వెళ్లి, సరిహద్దుకి ఇవతల బీహార్‌లో ఉన్న రక్సౌల్ వ్యాపారికి ఇవ్వాల్సిన 40,000 ఐసీ బిల్లుని అలవాటు చొప్పున 165తో కట్టి 66,000 అని రాసేశాను. కొత్త రేటుకి 64,000 చాలు. మునీమ్‌జీ రేడియోలో విని ఉన్నాడు కాబట్టి ఆ రెండు వేలు దక్కాయి, లేకపోతే నా జీతంలోంచి పోయేవే. అయినా నాకు ఆ మార్పు మంచే చేసింది. 6,000 మోరుకి అంతవరకు 3,636 వస్తుండగా 3,750 రావడం మొదలైంది. ఇంటికి మనియార్డరు మాత్రం సరిహద్దు దాటి రక్సౌల్ పోస్టాఫీసుకి వెళ్లే కట్టేవాణ్ణి.

ఇంకొకటి. రేటు 160 దగ్గర ఆగిపోయిందంటే నేపాల్ రూపాయికి సొంత నడక లేదని అర్థం. మన రూపాయి డాలరు ముందు ఎంత పడితే వాళ్లదీ అంతే పడుతుంది. మనకి డాలరు 75 ఉన్నరోజు వాళ్లకి 120. మన సరుకులు కొనడానికి మన రూపాయలు చాలకపోతే వాళ్ల రాష్ట్ర బ్యాంకు తన దగ్గరున్న డాలర్లు అమ్మి మన రూపాయలు కొంటుంది. రేటు మార్చాలా వద్దా అని అక్కడ ఎప్పుడూ చర్చ నడుస్తూనే ఉంటుంది, మారదనే నా నమ్మకం. సరిహద్దు ఊళ్లలో చాయ్ కొట్టువాడి నోటికి కూడా నూటఅరవై ఎక్కమై కూర్చుంది.

డైరీ 1967 చివరిదాకా ఉందా? ఉంటే డిసెంబరు ఆఖరి పేజీలు తీసి చూడండి. ఆ 320కి ఈసారి 237 వచ్చినట్టు ఉండాలి.