7812 పెట్టినా గుంయ్ అంటోందా? ముందు ఇన్‌పుట్ చూడండి

ప్రశ్న (గాజువాక నుంచి): సార్, 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్ల బ్రిడ్జి, 1000 ఎంఎఫ్‌డీ (మైక్రోఫ్యారడ్) కెపాసిటర్, 12 వోల్టులు నిలకడగా ఇచ్చే 7812 రెగ్యులేటర్ ఐసీతో పవర్ సప్లై కట్టాను. మీటర్‌లో కరెక్ట్‌గా 12 చూపిస్తోంది, ఆంప్లిఫయర్ బోర్డుకి ఇచ్చి సౌండ్ పెంచితే మాత్రం గుంయ్ మంటోంది. అవుట్‌పుట్‌లో ఇంకో 4700 వేసినా పోలేదు. ఏటి చెయ్యమంటారు?

జవాబు: ఆ 4700 తీసి ఐసీ ఇన్‌పుట్ వైపు పెట్టండి ముందు. మీరు 12 చూసింది లోడ్ లేనప్పుడు అనుకుంటా, బోర్డు తగిలించి సౌండ్ పెంచి అప్పుడు చూడండి, 12 కంటే కిందకి జారుతుంటే దొంగ దొరికినట్టే.

విషయం ఏంటంటే 7812 కి 12 ఇవ్వాలంటే లోపలికి కనీసం 14 వోల్టులు కావాలి, అదీ సగటున కాదు, ప్రతి క్షణం. మన కరెంటు 50 హెర్ట్జ్, బ్రిడ్జి తర్వాత రిపుల్ (డీసీలో మిగిలిపోయే ఎగుడుదిగుడు) 100 హెర్ట్జ్, అంటే సెకనుకి వందసార్లు కెపాసిటర్ నిండి కిందకి దిగుతుంటుంది. ఎంత దిగుతుందో లెక్క తేలికే, కరెంట్‌ని 100తో, కెపాసిటర్ ఫ్యారడ్లతో భాగించడమే. 1 ఆంప్ లాగితే 1000 ఎంఎఫ్‌డీకి కాగితం మీద 10 వోల్టులు (నిజంగా కొంచెం తక్కువ ఉంటుంది లెండి)! మీ 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పీక్ 17, డయోడ్లు దాదాపు 2 తినేస్తే మిగిలేది 15, అందులోంచి అంత దిగితే ఐసీ ఏం చేస్తుంది పాపం, చేతులెత్తేసి రిపుల్‌ని అలాగే బయటికి వదిలేస్తుంది.

4700 పెట్టినా 2 వోల్టులు దిగి 13 దగ్గర ఆగుతుంది, ఇంకా చాలదు. 10000 పెడితే 14 దగ్గర అంచున వేలాడుతుంది, సాయంత్రం అందరూ ఏసీలు వేసి లైన్ వోల్టేజీ కాస్త డౌన్ అయిందంటే మళ్లీ గుంయ్. అందుకే కెపాసిటర్ మీద కెపాసిటర్ వెయ్యమని చెప్పేవాళ్ల మాట నేను ఒప్పుకోను, ఇక్కడ తప్పు ట్రాన్స్‌ఫార్మర్ ఎంపికలోనే ఉంది. 15 వోల్టులది తెచ్చి 4700 పెడితే కింది అంచు 17 దాకా ఉంటుంది, ఐసీ హాయిగా పనిచేస్తుంది. 7812 మామూలుగా రిపుల్‌ని 70 డీబీ దాకా తొక్కేస్తుంది, అంటే 2 వోల్టుల రిపుల్ బయటికొచ్చేసరికి ఒక మిల్లీవోల్ట్ కూడా ఉండదు. కాకపోతే ఐసీ మీద 6 వాట్ల వేడి పడుతుంది, వైజాగ్ ఎండల్లో చిన్న రేకు ముక్క సరిపోదు, మంచి హీట్‌సింక్ పెట్టండి. కెపాసిటర్ 35 వోల్టులదే తీసుకోండి, లోడ్ లేనప్పుడు 15 ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా పైకి పోతుంది కాబట్టి 25 రిస్కే. డాబాగార్డెన్స్ వైపు కాంపోనెంట్ షాపులో అడిగితే ఇస్తారు. కొత్తది కొనడం ఇష్టం లేదా, మీ బోర్డు 9 వోల్టులకి నడిచేదైతే పాత ట్రాన్స్‌ఫార్మర్‌కే 4700 పెట్టి 7809 వాడండి, దానికి 11 చాలు.

ఇదంతా చేసినా సన్నగా హమ్ (అదే, ఆ గుంయ్ శబ్దం) ఉంటే గ్రౌండ్ వైరింగ్ చూడండి. బ్రిడ్జి నుంచి కెపాసిటర్‌లోకి కరెంటు క్షణకాలమే ఉండే పెద్ద పెద్ద పల్సులుగా దూకుతుంది, ఆ వైరు మధ్యలోంచి ఆంప్లిఫయర్ గ్రౌండ్ తీశారంటే ఆ పల్సులన్నీ స్పీకర్‌లో వినిపిస్తాయి. బ్రిడ్జి మైనస్ నేరుగా కెపాసిటర్ మైనస్‌కి, అక్కడి నుంచి ఐసీ మధ్య కాలుకి, లోడ్ గ్రౌండ్ ఆ ఐసీ దగ్గర్నుంచే. హమ్ బాగా లోతుగా, 50 హెర్ట్జ్‌లా ఉంటే మాత్రం బ్రిడ్జిలో ఒక డయోడ్ ఓపెన్ అయిందేమో టెస్ట్ చెయ్యండి. ఏది ముట్టుకున్నా ముందు ప్లగ్ పీకండి, ప్రైమరీ వైపు 230 ఉంటుంది.

ప్రశ్న (మధురవాడ నుంచి): ఎల్ఎం317 రెగ్యులేటర్ ఐసీతో అడ్జస్టబుల్ సప్లై చేశాను, రిపుల్ ఇంకా తగ్గించొచ్చా?

జవాబు: తగ్గించొచ్చు, చాలా చవగ్గా. అడ్జస్ట్ పిన్ నుంచి గ్రౌండ్‌కి 10 ఎంఎఫ్‌డీ పెట్టండి, 65 డీబీ దగ్గరున్నది 80 దాకా వెళ్తుంది. దాంతో పాటు ఒక 1ఎన్4002 డయోడ్ కూడా, గీత ఉన్న కాలు అవుట్‌పుట్‌కి, రెండోది అడ్జస్ట్ పిన్‌కి, లేకపోతే అవుట్‌పుట్ ఎప్పుడైనా షార్ట్ అయినప్పుడు ఆ కెపాసిటర్ ఐసీ లోపల్నుంచి ఖాళీ అవుతుంది.