అయిదుగురి టికెట్లు నీ జేబులో ఉన్నప్పుడు

బల్లార్పూర్,
ఆదివారం

అల్లుడికి మామయ్య దీవెనలు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, నా బీపీ బిళ్ళల సంగతి అడుగుతూ మధ్యలో అసలు వార్త చెప్పింది. మీ వర్క్‌షాపులో అయిదుగురు కలిసి దీపావళి బంపర్ టికెట్లు కొంటున్నారట. డబ్బులూ టికెట్లూ నీ దగ్గరే ఉంటాయట. "వీడికి లాటరీ పిచ్చి పట్టింది అన్నా, నువ్వైనా చెప్పు" అని ఒకటే ఏడుపు. నాకు మాత్రం ముందు గర్వంగానే అనిపించింది. నలుగురు తమ డబ్బు తెచ్చి నీ చేతిలో పెట్టారంటే నీమీద నమ్మకం ఉన్నట్టే కదా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి.

మానెయ్యమని రాయడం లేదు. మన మహారాష్ట్రలో 1969 నుంచి సర్కారే లాటరీ నడుపుతోంది. నేనూ పదిహేనేళ్ళు ఆడాను, ఇప్పుడు నీతులు చెప్తే మీ అత్తే నవ్వుతుంది. లైసెన్సున్న కౌంటర్లోనే కొను. అప్పు చేసి కొనకు. కొన్న రోజే టికెట్ వెనక సంతకం పెట్టి, రెండు వైపులా ఫొటో తీసుకో. మీలో ఒకడు కాగజ్‌నగర్ నుంచి రైలెక్కి వస్తాడట కదా, తెలంగాణలో లాటరీ అమ్మకం నిషేధం, ఇక్కడి టికెట్లు తీసుకెళ్ళి అక్కడ అమ్ముకునే తెలివితేటలు వద్దని వాడికి గట్టిగా చెప్పు. టీవీ ప్రోగ్రాం పేరు చెప్పి 25 లక్షలు తగిలాయని, ముందు ఫీజు కట్టమని వాట్సాప్‌లో వస్తే అది దొంగల పని. కొనని టికెట్‌కి బహుమతి ఎలా వస్తుందిరా?

మట్కా వైపు మాత్రం చూడకు. జోడీ అంటే 00 నుంచి 99 దాకా వంద నంబర్లు. తగిలితే రూపాయికి ఇచ్చేది 90. మిగతా పది ఎవడింటికి పోతుందో లెక్క చూసుకో. నాతో బొగ్గు బాయిలో పనిచేసినవాళ్ళు కలలో పాము కనబడితే ఒక నంబరు, పెళ్ళి కనబడితే ఇంకో నంబరు అని వేసేవాళ్ళు. జీతం రోజు వాళ్ళ భార్యలు గేటు దగ్గర నిలబడి ఉండేవాళ్ళు.

ఇక నేను రాయాలని కూర్చున్న సంగతి.

1986లో మేమూ అయిదుగురమే, టబ్బుల్లోకి బొగ్గెత్తే లోడర్లం. ప్రతి శుక్రవారం మనిషికి 2 రూపాయలు, అయిదు టికెట్లు, అన్నీ నా ట్రంకు పెట్టెలో. నీలాగే నన్నూ నమ్మారు. అందులో ఒకాయనది మంథని, అందరం మంథని బావ అనేవాళ్ళం. పక్కవాడి టబ్బు నిండకపోతే అందులో కూడా నాలుగు చెమ్మాసులు, అంటే పారలు, బొగ్గు వేసే మనిషి. ఒక వారం మలేరియాతో ఆస్పత్రిలో పడ్డాడు. శుక్రవారం డబ్బులు పోగుచేస్తుంటే ఆయన లేడు. నేనే ఆయన పేరు మీద 2 రూపాయలు వేసి అయిదు టికెట్లూ కొన్నాను. అంతకుముందూ ఒకరికొకరం అలా వేసుకున్నవాళ్ళమే.

ఆ వారమే తగిలింది. కోట్లు కాదు, 4,000. అప్పట్లో మా కంటికి అదే కోటి. అయిదుగురికైతే మనిషికి 800, నలుగురికైతే 1,000. టీ కొట్టు దగ్గర ఎవరో "బావ ఈ వారం కట్టలేదు కదా" అన్నారు. అందరూ నా మొహం చూశారు. ఆయన డబ్బు నేనే వేశానని చెప్పాల్సింది నేను. చెప్పలేదు. "అవును, కట్టలేదు" అన్నాను. చూడు, అబద్ధం కూడా కాదు. అందుకే ఇన్నేళ్ళయినా గొంతులో ముల్లులా ఉంది.

పది రోజులకి ఆయన తిరిగి డ్యూటీకొచ్చాడు. ల్యాంప్ రూమ్ దగ్గర నన్ను పక్కకి పిలిచి, "పోయిన వారం నాది నువ్వే వేసుంటావు" అని 2 రూపాయల నోటు నా చేతిలో పెట్టాడు. ఆయనకింకా ఏమీ తెలియదు. నేను తీసుకున్నాను. అల్లుడూ, తీసుకున్నాను. బ్యాటరీ నడుముకి కట్టుకుని బాయిలోకి దిగిపోయాను.

సాయంత్రానికి ఎవరో చెప్పేశారు. ఆయన నన్ను ఒక్క మాట అడగలేదు. తిట్టినా బాగుండేది. మర్నాటి నుంచి టిఫిన్ డబ్బా వేరేచోట విప్పుకున్నాడు. ఏడాది తిరక్కముందే ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మా ఇంట్లో ఉన్న కుట్టుమిషన్ ఆ డబ్బుతో కొన్నదే. చిన్నప్పుడు నీ స్కూల్ నిక్కర్లు దానిమీదే కుట్టింది మీ అత్త. సంగతి తెలిశాక, నాకు ఎక్కువొచ్చిన ఆ 200 కొంగున ముడేసుకుని బావ వాళ్ళింటికి పోయింది. బావ భార్య మంచినీళ్ళిచ్చింది, టీ పెట్టింది, డబ్బు మాత్రం ముట్టలేదట.

అందుకే చెప్తున్నా, ఒక కాగితం రాసుకోండి. అయిదుగురి పేర్లు, ప్రతి టికెట్ నంబరు, ఎవరిది ఎంత. ఒకడు కట్టకపోతే ఏం చెయ్యాలో డ్రాకి ముందే అందులో ఉండాలి. అందరూ సంతకాలు పెట్టి తలా ఒక కాపీ ఉంచుకోండి. స్నేహితుల మధ్య కాగితాలేంటి అని ఎవడో నవ్వుతాడు, నవ్వనీ. బహుమతి 10,000 దాటితే చేతికిచ్చే ముందే 30 శాతం పన్ను కోస్తారు. ఆ లెక్కంతా టికెట్ చూపించినవాడి పాన్ మీద పడుతుంది, అంటే నీ మీద. ఆ కాగితం లేకపోతే రేపు నలుగురూ నిన్నే అనుమానిస్తారు.

కేరళలో 2022లో ఓణం బంపర్ 25 కోట్లు ఒక ఆటో డ్రైవర్‌కి తగిలింది. కమిషన్, పన్ను పోను 15 కోట్ల చిల్లర అన్నారు. తర్వాత సాయం అడిగేవాళ్ళ తాకిడికి తట్టుకోలేక, ఎందుకు గెలిచానా అని బాధపడ్డాడని చదివాను. కాబట్టి తగిలితే ముందు మీ అమ్మకి చెప్పు, వాడకట్టుకి కాదు. మీ అమ్మకి చెప్పడమూ వాడకట్టుకి చెప్పడమూ ఒకటేలే. నాకు చెప్పు.

తగిలితే ఏం చెయ్యాలో లిస్టు కూడా రాసుకున్నావట, మొదటి లైన్లో "అమ్మకి స్లాబు ఇల్లు" అని ఉందట. అది చెప్తూనే మీ అమ్మ మళ్ళీ ఏడ్చింది, ఈసారి వేరే ఏడుపు. ఆ లిస్టు చింపకు. మీ అత్తా నేనూ ప్రతి వారం డ్రా ముందు రాత్రి లక్ష రూపాయలు ఖర్చుపెట్టేవాళ్ళం. కాశీ యాత్ర, గేదె, వెండి పట్టీలు. ఒకసారి వాళ్ళ తమ్ముడికి 20,000 ఇద్దామంది. నేను కుదరదన్నాను. రాని డబ్బు కోసం రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు పేపర్లో నంబరు చూసుకుని, "పోనీలే, నీ తమ్ముడు బతికిపోయాడు" అంటే నవ్వు ఆపుకోలేకపోయింది.

ఇప్పుడు అసలు అడగాల్సింది. మీవాళ్ళు ఒప్పుకుంటే ఆరో పేరు నాది రాయి. వచ్చే వారం రాజురా వచ్చినప్పుడు నా వాటా డబ్బు నీ చేతికే ఇస్తాను. ఒకవేళ రాలేకపోతే నా తరఫున నువ్వు వెయ్యొద్దు, నా పేరు కొట్టెయ్. వేస్తే మాత్రం కాగితంలో రాసి, డ్రా కాకముందే దాని ఫొటో పంపు.

మామయ్య