పిల్లిగద్దలు నేలకు దిగే వేళ

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎం.వి.పి. కాలనీ. నేనూ మావారూ ఉద్యోగ విరమణ చేశాం. మాకు తెలిసిన గద్దలంటే ఫిషింగ్ హార్బరు మీద చేపల కోసం తిరిగే గరుడ పక్షులూ, ఊళ్ళో కనిపించే మామూలు గద్దలూ మాత్రమే. మా పరిచయస్తులు కొందరు ఈ డిసెంబరులో గైడ్‌ను వెంటబెట్టుకుని గుజరాత్‌లోని వెలావదర్, లిటిల్ రణ్ ఆఫ్ కచ్ ప్రాంతాలకు వేటపక్షులను చూడడానికి నాలుగు రోజుల యాత్ర వెళుతున్నారు, మమ్మల్నీ రమ్మంటున్నారు. పక్షుల గురించి ఏమీ తెలియని మేము అంత దూరం వెళ్ళడం సబబేనా? వెళితే గైడ్‌ను ముందుగా ఏమి అడగాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: సబబే, తప్పక వెళ్ళండి. ఏమీ తెలియనివారికి అడవి కంటే గడ్డి మైదానమే మంచి బడి అని నా అభిప్రాయం. అడవిలో కూత వినిపిస్తుంది గానీ కూసిన పిట్ట కనిపించదు. కనిపించినా ఆకుల చాటున తోకో రెక్కో తప్ప కంటికి చిక్కదు. మైదానంలోనైతే గద్ద అర కిలోమీటరు దూరం నుంచే కనబడుతుంది, అది ఎగిరే తీరు, వాలే తీరు, వేటాడే తీరు తీరుబడిగా చూడవచ్చు.

భావ్‌నగర్ జిల్లాలో, భాల్ అని పిలిచే చదును నేల మీద, కృష్ణజింకల రక్షణ కోసం 1976లో ఏర్పడిన వెలావదర్ జాతీయ ఉద్యానం విస్తీర్ణం సుమారు 34 చదరపు కిలోమీటర్లే. మన కంబాలకొండ అభయారణ్యం అంతకు రెట్టింపు ఉంటుంది. అయినా హ్యారియర్ జాతి గద్దలు రాత్రి బసకు పెద్ద సంఖ్యలో చేరే చోట్లలో ఇది ప్రపంచమంతటా పేరున్నది. హ్యారియర్‌కు తెలుగులో పిల్లిగద్ద అనే పేరు ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ అనే పక్షి శాస్త్రవేత్త మనవాళ్ళ నోట విని రాసిపెట్టిన పేర్లలో అదొకటి. దాని ముఖాన్ని దగ్గరగా చూసినవారికి ఆ పేరు అతికినట్టే ఉంటుంది. గుడ్లగూబకు ఉన్నట్టు ముఖం చుట్టూ ఈకల వలయం ఉండి, గడ్డిలో ఎలుక కదిలిన సవ్వడిని కూడా చెవులకు చేరవేస్తుంది.

ఈ పక్షులు కజకిస్తాన్, దక్షిణ రష్యా పచ్చిక మైదానాల వంటి చోట్ల గూళ్ళు పెట్టి, చలి ముదరకముందే మన దేశానికి వచ్చి, మార్చి, ఏప్రిల్ నెలల్లో తిరిగి వెళతాయి. పగలంతా పొలాల మీద, బీళ్ళ మీద చెల్లాచెదురుగా తిరిగి మిడతలనూ, తొండలనూ, ఎలుకలనూ, చిన్న పిట్టలనూ పట్టుకుంటాయి. పొద్దు వాలేసరికి నలుదిక్కుల నుంచీ ఒక్కొక్కటిగా రావడం మొదలవుతుంది. రెండు రెక్కలనూ దోసిలిలా కాస్త పైకెత్తి, గడ్డిని దాదాపు తాకుతూ వచ్చి, ఒకటి దిగుతుంది, ఏదో నచ్చనట్టు మళ్ళీ లేస్తుంది, మరొకచోట దిగుతుంది. చెట్ల మీద పడుకోవడం వీటి అలవాటు కాదు, గడ్డిలో నేల మీదే నిద్ర. తోడేళ్ళు, నక్కలు, అడవిపిల్లులు తిరిగే చోట నేల మీద ఒంటరిగా పడుకోవడం ప్రమాదం కనుక, ఏదో ఒక పక్షి అలికిడిని పసిగట్టి తక్కినవాటిని లేపేలా అన్నీ ఒకే బీడుకు చేరతాయి. చూస్తుండగానే పదులు, అదను బాగుంటే వందలు గడ్డిలోకి దిగిపోతాయి. ఆ తరువాత అక్కడ ఒక్క పక్షి అయినా ఉందని ఎవరూ అనుకోలేరు.

అందుకే గైడ్‌ను అడగవలసిన మొదటి మాట ఇది: నాలుగు రోజుల్లో ఎన్ని సాయంత్రాలు పిల్లిగద్దల బస దగ్గర గడుపుతాం? కనీసం రెండు ఉండాలి, ఎందుకంటే ఒక రోజు గాలి ఎక్కువై, మరో రోజు పక్షులు వేరే బీడును ఎంచుకుని నిరాశపరచవచ్చు. రోజుకు ఇన్ని జాతులు చూపిస్తామని లెక్కలు చెప్పే యాత్రల్లో ఈ సాయంత్రాలకే కోత పడుతుంది. తరువాత, ఉద్యానం గేటు ఎన్నింటికి మూస్తారు, బసను ఎక్కడ నిలబడి, ఎంత దూరం నుంచి చూస్తాం అని అడగండి. విశాఖ లెక్కతో పోవద్దు. డిసెంబరులో మనకు ఐదున్నర లోపే పొద్దు గుంకుతుంది, అక్కడ ఆరవుతుంది. ఉదయం సూర్యుడు ఏడు దాటాకే కనిపిస్తాడు. తెరిచి ఉన్న జీపులో ఆ వేళ తగిలే గాలి మన బీచ్ రోడ్డు గాలి లాంటిది కాదు కాబట్టి స్వెట్టరు, చెవులకు మఫ్లరు మరచిపోవద్దు.

చివరగా, జీపు బాట దిగుతుందా అని అడగండి. దిగుతుందంటే ఆ యాత్ర మానేయండి. కొన్నేళ్ళ క్రితం నేను వెళ్ళిన ఒక బృందంలో ఇద్దరు ఫొటో కోసం ఆరాటపడితే, గైడ్ వారి మాట కాదనలేక ఒక బీడులో జీపును గడ్డిలోకి పోనిచ్చాడు. అప్పటికే దిగిన పిల్లిగద్దలన్నీ ఒక్కసారిగా లేచి, చీకటి పడేదాకా మా నెత్తి మీద తిరిగాయే గానీ దిగలేదు. ఫొటోలు బాగానే వచ్చాయి. వాటిని నేను ఇంతవరకు ఎవరికీ చూపించలేదు.

లిటిల్ రణ్‌కు ఉదయాలు కేటాయించండి. అడవి గాడిదల అభయారణ్యమైన ఆ 4,954 చదరపు కిలోమీటర్ల ఉప్పు నేల మీద, ప్రపంచమంతటా అంతరించే ముప్పులో ఉన్న స్టెప్పీ డేగ మట్టిగడ్డ మీద కూర్చుని ఎండ కాచుకుంటూ కనిపించవచ్చు. నేల మీదే పగలు గడిపే పొట్టిచెవుల గుడ్లగూబను చూపించమని గైడ్‌ను ప్రత్యేకంగా అడగండి.

ప్రశ్న: గుజరాత్ వెళ్ళే స్తోమత, సెలవు రెండూ లేవు. మన రాష్ట్రంలోనే పిల్లిగద్దలను చూసే వీలుందా?
– ఒక ఉపాధ్యాయుడు, గాజువాక

జవాబు: ఉంది. నందికొట్కూరు సమీపంలోని రోళ్ళపాడు అభయారణ్యానికి వెళ్ళండి. బట్టమేక పక్షి కోసం 1988లో ఏర్పాటైన ఈ చిన్న గడ్డి మైదానం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకే. ఒకప్పుడు ఇక్కడ కూడా పిల్లిగద్దలు చలికాలంలో పెద్ద సంఖ్యలో రాత్రి బస చేసేవి. చుట్టూ సాగునీరు వచ్చి, జొన్న, కొర్ర వంటి మెట్ట పంటల స్థానంలో వేరే పంటలు వచ్చాక మైదానపు పక్షులకు చోటు తగ్గింది. కాబట్టి బట్టమేక కనిపిస్తుందని ఆశపడి వెళ్ళకండి. పిల్లిగద్దలు, కృష్ణజింకలు చాలుననుకుని వెళితే నిరాశ ఉండదు. విశాఖ నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ నంద్యాల మీదుగా వెళుతుంది, అక్కడ దిగి కారు మాట్లాడుకోవడం సులువు. సంక్రాంతి సెలవుల్లో రైలు టికెట్ దొరకదు కనుక డిసెంబరు మధ్యలో లేదా జనవరి చివరలో పెట్టుకోండి. అటవీ శాఖవారికి ముందుగా తెలియజేసి, అక్కడి సిబ్బందిని వెంటబెట్టుకోండి. ఆ నేల సంగతి వారికి తెలిసినంతగా బయటి గైడ్‌లకు తెలియదు.

అంతకన్నా ముందు ఒక ఆదివారం అనకాపల్లి దగ్గరి కొండకర్ల ఆవకు వెళ్ళి రండి. చలికాలంలో నీటి రెల్లు మీద తక్కువ ఎత్తులో తిరిగే చిత్తడి పిల్లిగద్ద కోసం వెతకండి. దాని ఎగిరే తీరు కంటికి అలవాటైతే రోళ్ళపాడులో మీకు సగం పని తప్పుతుంది.

ప్రశ్న: పోయిన ఏడాది ఒక యాత్రలో గైడ్ ఒక బూడిద రంగు గద్దను చూపి పాలిడ్ హ్యారియర్ అన్నాడు. మరో గంటకు అలాంటిదాన్నే చూపి మాంటెగ్యూ హ్యారియర్ అన్నాడు. నాకు రెండూ ఒకటే అనిపించాయి. తేడా ఏమిటి?
– ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: మగవాటిలో తేడా తెలుసుకోవచ్చు. పాలిడ్ హ్యారియర్ మగది దాదాపు తెలుపనిపించేంత లేత బూడిద రంగులో ఉంటుంది. రెక్క కొసన మాత్రం నలుపు సన్నని మేకులా దిగి ఉంటుంది. మాంటెగ్యూ మగది ముదురు బూడిద. రెక్క కొస నలుపు మరింత విస్తారంగా ఉంటుంది, పైగా రెక్క మీద అడ్డంగా ఒక నల్లని గీత ఉంటుంది. ఆ గీత కనబడితే ఇక సందేహం లేదు. ఆడవి రెండూ గోధుమ రంగువే, తోక మొదట్లో రెండింటికీ తెల్లని పట్టీయే. పాలిడ్ ఆడదానికి మెడ చుట్టూ లేత రంగు పట్టీ స్పష్టంగా ఉంటుందని చెబుతారు గానీ, వాలే పొద్దులో, ఎగిరిపోతున్న పక్షి మీద దాన్ని పట్టుకోవడం ఆరితేరినవారికీ కష్టమే. ఇటువంటప్పుడు “ఇది ఏదో చెప్పలేను” అనే గైడ్‌ను నేను ఎక్కువ నమ్ముతాను.

కొత్తవారు చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి కిందికి చూసే పక్షిని పిల్లిగద్ద అనుకుంటారు. తెల్లని ఒళ్ళు, నల్లని భుజాలు, ఎర్రని కళ్ళు ఉంటే అది అడవి రామదాసు. ఇటుక రంగు వీపుతో ఉంటే తొండలను పట్టే కెస్ట్రెల్. పిల్లిగద్ద అలా నిలవదు, ఊగుతూ సాగిపోతూనే ఉంటుంది.

ప్రశ్న: ఇలాంటి యాత్రకు ఎలాంటి బైనాక్యులర్ కొనాలి? డ్రోన్ తీసుకువెళ్ళవచ్చా?
– ఒక విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: 8×42 కొనండి. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండవది ముందు కటకం ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పో చెబుతుంది. ఆ వెడల్పు వల్లే సాయంత్రపు మసక వెలుతురులో పక్షి కనబడుతుంది. పది రెట్లు, పన్నెండు రెట్లు అని ఆశపడితే చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. డ్రోన్ ఇంట్లోనే ఉంచండి. అభయారణ్యాల్లో అనుమతి లేకుండా ఎగరనివ్వరు. బీడు మీదకు అది రాగానే ఏ పిల్లిగద్దా నేలకు దిగదు.