చిన్న సినిమా కెమెరా చేతిలో వణికితే గింబల్ కొనాలా?

బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ సినిమా కెమెరా 4కె కొన్నారని, చేత్తో పట్టుకొని తీసిన షాట్లన్నీ వణుకుతున్నాయని, ఫోన్‌లో తీసిన వీడియోయే ఇంతకంటే నిలకడగా ఉందని రాశారు. గింబల్, అంటే కెమెరాను మోటార్లతో నిలకడగా ఉంచే చేతి పరికరం, కొనాలా అన్నది మీ ప్రశ్న. నాలుగేళ్లుగా ఇదే కెమెరాతో డాక్యుమెంటరీలు తీస్తున్న అనుభవంతో చెబుతున్నాను, ఇప్పుడే కొనకండి. ముందు కెమెరా బరువు పెంచండి.

ఫోన్ తనలోని స్టెబిలైజేషన్‌తో మీ చేతి వణుకును మీకు తెలియకుండానే సరిదిద్దేస్తుంది. ఈ కెమెరాలో చిత్రాన్ని పట్టే సెన్సార్‌ను కదిలించి కుదుపును తట్టుకొనే ఏర్పాటు లేదు. పైగా బాడీ బరువు సుమారు 720 గ్రాములే. ఐదు అంగుళాల తెర వెనుక భాగానికే బిగించి ఉంటుంది కాబట్టి, దానిని చూడటం కోసం మనం కెమెరాను ముఖానికి దూరంగా, చేతులు చాచి పట్టుకుంటాము. తేలికైన వస్తువును చాచిన చేతులతో పట్టుకున్నప్పుడు కండరాలలోని ప్రతి చిన్న అదురూ నేరుగా చిత్రంలోకి వచ్చేస్తుంది.

నా మొదటి పనిలో ఈ సంగతి తెలియక దెబ్బతిన్నాను. పోచంపల్లిలో ఒక గుంట మగ్గం దగ్గర ఏ రిగ్గూ (కెమెరాను మోసే ఆధార చట్రం) లేని కెమెరాకు 50 మి.మీ. లెన్సు పెట్టి రోజంతా తీశాను. అక్కడి చిన్న తెరపై అంతా బాగానే కనిపించింది. ఇంటికి వచ్చి టీవీలో వేసి చూస్తే పడుగు దారాలన్నీ సన్నగా వణుకుతున్నాయి. పేక దారాన్ని మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తడం ఆ షాట్‌కు ప్రాణం, కానీ ఫ్రేము మొత్తం కదులుతుంటే కన్ను నేతగాడి చేతి మీద నిలవడం లేదు. వారం తరువాత మళ్లీ వెళ్లేసరికి ఆ పడుగు అయిపోయి, మగ్గం మీద వేరే రంగు ఎక్కింది. పాత షాట్లతో కొత్తవి అతకలేదు.

ఆ ఫుటేజ్‌ను పదేపదే చూశాక అర్థమైనది ఏమిటంటే, కదలికలు రెండు రకాలు. మొదటిది వణుకు, అంటే కండరాల నుంచి వచ్చే చిన్న, వేగమైన అదురు. రెండవది ఊపు, అంటే శ్వాస వల్లనో నడక వల్లనో వచ్చే నిదానమైన కదలిక. ఊపును ప్రేక్షకుడు సులువుగా భరిస్తాడు, ఒక్కోసారి అది షాట్‌కు జీవం కూడా పోస్తుంది. వణుకును మాత్రం ఎవరూ భరించలేరు. సెన్సార్ చిత్రాన్ని వరుసల వారీగా చదువుతుంది కనుక, వణుకు ఎక్కువైనప్పుడు నిలువు గీతలు వంగి, బొమ్మంతా జెల్లీలా కదులుతుంది, ఆ తరువాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ దానిని పూర్తిగా బాగుచేయలేము.

వణుకుకు మందు బరువు, అది కూడా చోటు చూసి పెట్టిన బరువు. కావడి మోసేవాడు గబుక్కున పక్కకు తిరగలేడు, ఎందుకంటే బరువులు రెండు చివర్లలో ఉన్నాయి. కెమెరాకూ అదే సూత్రం వర్తిస్తుంది. అదే బరువును కెమెరా కింద బిగిస్తే కలిగే ప్రయోజనం కంటే, రాడ్‌ల మీద భుజం వెనుకకు జరిపి పెడితే కలిగే ప్రయోజనం చాలా ఎక్కువ. నేను కేజ్ (కెమెరా చుట్టూ బిగించే లోహపు చట్రం), రెండు రాడ్‌లు, షోల్డర్ ప్యాడ్ వాడి, వెనుక ఒక వి-మౌంట్ బ్యాటరీ, అంటే బయట తగిలించే పెద్ద బ్యాటరీ, పెట్టాను. మొత్తం మూడు కిలోలకు దగ్గరగా వస్తుంది. కెమెరాలోని చిన్న బ్యాటరీ గంట కూడా నిలవదు కాబట్టి, ఈ ఏర్పాటుతో ఆ బాధ కూడా తీరింది.

వెంటనే డబ్బు పెట్టలేకపోతే మెడ పట్టీని బిగుతుగా లాగి పట్టుకొని, మోచేతులను పక్కటెముకలకు ఆనించండి. కూర్చొని తీసే చోట కిలో బియ్యం పోసి కుట్టిన గుడ్డ సంచిని మోకాలి మీద వేసుకొని, దానిలో కెమెరాను కుదురుగా కూర్చోబెట్టండి. మగ్గం గుంటలో కూర్చున్న మనిషి కంటి ఎత్తుకు ఈ సంచి సరిగ్గా సరిపోతుంది, అందుకే రిగ్ కొన్న తరువాత కూడా దానిని వదలలేదు. శ్వాసను బిగబట్టవద్దు, కాసేపటికి గుండె చప్పుడు కూడా ఫ్రేములో కనిపిస్తుంది. నెమ్మదిగా వదులుతూ తీయండి.

లెన్సు విషయంలో చాలామంది పొరపడతారు. ఈ సెన్సార్ ఫుల్ ఫ్రేమ్ (పాత 35 మి.మీ. ఫోటో ఫిల్ము సైజు) కంటే చిన్నది కనుక 50 మి.మీ. లెన్సు ఇక్కడ దాదాపు 95 మి.మీ. లెన్సులా చూపిస్తుంది, వణుకునూ అంతే పెద్దదిగా చూపిస్తుంది. చేత్తో తీసేటప్పుడు 12 నుంచి 25 మి.మీ. మధ్య ఉండి, దగ్గరి దృశ్యం కావాలంటే మీరే దగ్గరకు జరగండి. లెన్సులోనే స్టెబిలైజేషన్ ఉన్న లూమిక్స్ 12-35 మి.మీ. వంటి లెన్సులు నిలబడి తీసే షాట్లకు బాగా సాయపడతాయి. అయితే పాన్ చేసేటప్పుడు, అంటే కెమెరాను పక్కకు తిప్పేటప్పుడు, కొన్నిసార్లు ఒక క్షణం పట్టి ఉంచి తరువాత గెంతుతాయి, అప్పుడు ఆపేయడమే మంచిది.

2022లో వచ్చిన 7.9 అప్‌డేట్ నుంచి ఈ కెమెరా తన కదలికలను గైరో (తిరుగుళ్లను కొలిచే పరికరం) సమాచారంగా బ్లాక్‌మ్యాజిక్ రా వీడియో ఫైల్‌లోనే రాసుకుంటోంది, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్సీ రిజాల్వ్ దాని ఆధారంగా షాట్‌ను స్థిరపరుస్తుంది. అద్భుతమైన సౌకర్యమే, కానీ షూటింగ్‌కు ముందే దానికి సిద్ధపడాలి. లెన్సులోని స్టెబిలైజేషన్ ఆపేయాలి, లేకపోతే రెండు సవరణలు ఒకదానితో ఒకటి కొట్లాడతాయి. షట్టర్ యాంగిల్, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయాన్ని డిగ్రీలలో చెప్పే కొలత, తగ్గించాలి, ఎందుకంటే మామూలు 180 డిగ్రీల వద్ద కదలిక వల్ల వచ్చే మసక, బొమ్మ స్థిరపడిన తరువాత కూడా ఊరికే చెరిగినట్లు మిగిలిపోతుంది. ఎంత తగ్గించాలన్న దగ్గర మన కరెంటు అడ్డు వస్తుంది. సెకనుకు 25 ఫ్రేముల వద్ద 90 డిగ్రీలంటే సెకనులో నూరో వంతు, మన 50 హెర్ట్జ్ కరెంటులో పాతరకం ట్యూబ్‌లైటు కింద కూడా మిణుకు రాదు. 45 డిగ్రీలకు దిగితే ఇళ్లలో గోడలు మిణుకుమిణుకుమంటాయి. అందుకే లోపల 90 వద్ద ఆగి, ఆరుబయట మాత్రమే ఇంకా తగ్గిస్తాను. స్థిరపరిచేటప్పుడు అంచులు కోతకు గురవుతాయి కనుక 4కెలో తీసి అంతకంటే చిన్న 1080 సైజులో ఇవ్వడం నాకు అలవాటైపోయింది.

ఇక గింబల్ సంగతి. ఒక మనిషి వెనుకే సందులో చాలా దూరం నడిచే షాట్‌కు దానికి సాటి లేదు. అయినా మూడు అక్షాల గింబల్ కెమెరా తిరుగుళ్లను మాత్రమే ఆపుతుంది, అడుగు వేసినప్పుడు పైకీ కిందికీ వచ్చే ఎగుడుదిగుడును ఆపలేదు, దానికి మోకాళ్లు వంచి నడవడం నేర్చుకోవలసిందే. లెన్సు మార్చిన ప్రతిసారీ మళ్లీ తూకం సరిచేయాలి, అంతలో మగ్గం దగ్గర పని అయిపోతుంది. నాకు అవసరమైన రోజున హైదరాబాద్‌లో అద్దెకు తెచ్చుకుంటున్నాను. ఈ నాలుగేళ్లలో అలా తెచ్చింది మూడుసార్లే.